జేబులో నూనెసీసా

హ్యూస్టన్‌లో ఓ సూపర్ మార్కెట్. వచ్చేపోయేవాళ్లకి శాంపిల్స్ పంచుతున్న ఆవిడ మో నజ్జార్ చేతిలో కూడా ఓ చిన్న కప్పు పెడుతుంది. చాక్లెట్ హమ్మస్. మో ముఖం మాడిపోతుంది. శనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి, పైన ఆలివ్ నూనె. హమ్మస్ అంటే అతనికి అంతే, ఇంకేమీ లేదు. ఎవరో వాళ్ల నాయనమ్మని నలుగురిలో అవమానించినట్టు రేగిపోతాడు. స్ట్రాబెర్రీ ఆవకాయ అని ఎవరైనా గిన్నెలో వేసిస్తే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. పాపం ఆవిడకి ఇదంతా ఏం తెలుసు, జీతానికి కప్పులు పంచుతోంది. మనం పగలబడి నవ్వుతాం. ఆ నవ్వు ఆరకముందే అదే షాపులో తుపాకీ పేలుతుంది. ఒక గుండు మోని రాసుకుంటూ పోతుంది.

‘మో’ సిరీస్ మొదటి భాగంలోని సన్నివేశమిది. 2022 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మో ఆమర్ అనే స్టాండప్ కమెడియన్, ‘రామీ’ సిరీస్ తీసిన రామీ యూసఫ్‌తో కలిసి దీన్ని సృష్టించాడు, ముఖ్యపాత్ర మో నజ్జార్‌గా తనే నటించాడు. రెండో సీజన్ 2025 జనవరి 30న వచ్చింది. సీజన్‌కి 8 చొప్పున మొత్తం 16 భాగాలు. పాలస్తీనా మనిషి కథానాయకుడిగా వచ్చిన మొదటి అమెరికన్ టీవీ సిరీస్ ఇదేనంటారు. పీబాడీ అవార్డు కూడా వచ్చింది. మొదటిది కావడం గొప్పే గానీ, నేను దీన్ని మూడోసారి చూసింది అందుకు కాదు. ఆ హమ్మస్ కప్పుకీ ఆ తుపాకీ గుండుకీ మధ్య అరనిమిషం కూడా ఖాళీ వదలని ఆ చెయ్యి ఎలాంటిదో పట్టుకుందామని.

ఆ గుండు ఎక్కడ పేలిందో గమనించండి. పాలస్తీనా అనగానే వార్తల్లో మనకి అలవాటైన బొమ్మలు బాంబులు, శిథిలాలు, అంబులెన్సులు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబంలోని మనిషికి గుండు తగిలేది మాత్రం టెక్సస్‌లో, సరుకులు కొనుక్కునే చోట. ఈ విడ్డూరం మీద పాత్రలెవరూ నోరు మెదపరు. ఆ నొప్పికని మొదలుపెట్టిన కోడీన్ దగ్గుమందు, అక్కడివాళ్లు ‘లీన్’ అనేది, మోకి మెల్లగా అలవాటైపోతుంది. కథ ఆ దారిన పోతుంది. వ్యాఖ్యానం మన పని.

హాస్యం రాసేవాళ్లకి పెద్ద విషయం చేతికొస్తే ముందుగా పుట్టే బుద్ధి ఆగి ఉపన్యాసం ఇవ్వడం. మో ఆమర్ ఆ బుద్ధిని పాత్రకే అంటగట్టాడు. ఉపన్యాసాలిచ్చేది మో. హమ్మస్ గురించి, నూనె గురించి, కుటుంబ గౌరవం గురించి ఎక్కడపడితే అక్కడ గొంతెత్తుతాడు. సిరీస్ మాత్రం అతని వెనక నిలబడి ముసిముసిగా నవ్వుతుంది. ఉపన్యాసంలో నిజముంటుంది, ఇచ్చేవాడి అవస్థ చూస్తే నవ్వొస్తుంది. రెండూ ఒకే వాక్యంలో పడతాయి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన సామెత. అసలు ఊరే లేనివాడి సంగతేమిటి? మో అమెరికాలో శరణు కోరి 22 ఏళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి. చేతిలో పాస్‌పోర్టు లేదు, పనిచేసుకునే పత్రం లేదు. సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగం చేస్తుంటే, అధికారులు తనిఖీకి వస్తారన్న భయంతో యజమాని పంపించేస్తాడు. ఇక కారు డిక్కీలో నకిలీ బ్రాండ్ల బూట్లు, వాచీలు, బ్యాగులు పెట్టుకుని అమ్ముతాడు. అంతా నోటి మీద బతుకు. బేరం ఆడాలి, బతిమాలాలి, బుకాయించాలి. అతని మాటకారితనాన్ని వట్టి హాస్యం కోసం పెట్టలేదని రెండు మూడు భాగాలయ్యాక గానీ నాకు తట్టలేదు. కాగితం లేనివాడికి నోరే కాగితం. ఎవరు ఎదురైనా ‘నువ్వెవరు, ఎక్కడివాడివి’ అన్నదానికి అతను అక్కడికక్కడ ఓ జవాబు అల్లుకోవాలి.

ఆ జవాబులు మూడు భాషల్లో వస్తాయి. ఇక్కడ పనితనం చెవికే తెలుస్తుంది. స్నేహితుడు నిక్‌తో హ్యూస్టన్ వీధి ఇంగ్లీషు. నిక్ నైజీరియా మూలాలున్నవాడు, ఆ పాత్ర వేసిన టోబె న్విగ్వే నిజంగానే హ్యూస్టన్ ర్యాపర్. గ్యారేజీ నడుపుకునే మెక్సికన్ ప్రియురాలు మరియాతో స్పానిష్. అమ్మతో, అన్నతో పాలస్తీనా యాస అరబిక్. ఒక్క వాక్యంలో మూడూ దొర్లిపోతాయి. వలస వచ్చినవాళ్ల మీద తీసిన చాలా సినిమాల్లో ఇంట్లో కూడా అందరూ ముక్కుతూ ఇంగ్లీషే మాట్లాడతారు, మధ్యలో ఒక సొంతభాష ముక్క తాలింపులా పడుతుంది. ఇక్కడ మో ఎప్పుడు ఏ భాషలోకి దూకుతాడన్న దాంట్లోనే అతని మనసు తెలుస్తుంది. డబ్బు మాట ఇంగ్లీషులో, భయం అరబిక్‌లో. సరసం సరేసరి, స్పానిష్‌లో.

అందులో ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అమ్మని మో ‘యమ్మా’ అంటాడు. పాలస్తీనా యాసలో అమ్మని అలాగే పిలుస్తారు. తెలుగు చెవికి అదేదో మనింటి పిలుపే. అక్కడితో అయిపోలేదు. పాలస్తీనా ఇళ్లలో తల్లి కూడా బిడ్డని ‘యమ్మా’ అనే పిలుస్తుంది, తండ్రి ‘యాబా’ అంటాడు. తమని బిడ్డలు ఏమని పిలుస్తారో ఆ పిలుపునే తిరిగి బిడ్డలకి ఇచ్చేస్తారు. ఇంగ్లీషు ప్రేక్షకుడికి దీన్ని విడమరిచి చెప్పాలి. ‘ఏం నాన్నా, అన్నం తిన్నావా’ అని కొడుకునీ, ‘రామ్మా’ అని కూతురినీ పిలిచే మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. సబ్‌టైటిల్‌లో ఇదెక్కడా కనిపించదు. చెవి పెట్టినవాడికే దక్కుతుంది.

అమ్మ యుస్రా పాత్రలో ఫరా బ్సైసో. మాటకి ముందు కళ్లు, కళ్లకి ముందు చేతులు పనిచేసే నటి. అన్న సమీర్‌గా ఒమర్ ఎల్బా. సమీర్ తీరు చూస్తే అతనికి ఆటిజం ఉన్నట్టు మనకి అర్థమవుతూనే ఉంటుంది గానీ, మొదటి సీజన్‌లో ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తరు. కొన్ని విషయాలకి పేరు పెట్టకుండానే సర్దుకుపోయే ఇళ్లు మనకి కొత్త కాదు. ఇన్ని మాటలు మాట్లాడే కుటుంబం ఒక మాట దగ్గర మాత్రం నోరు కట్టేసుకుంటుంది. ఇలాంటి చోట్ల సిరీస్ గొంతు తగ్గిస్తుంది, మన చేత దగ్గరికి జరిపించుకుంటుంది.

ఇప్పుడు నూనె సంగతి. మో జేబులో చిన్న ఆలివ్ నూనెసీసా ఉంటుంది. ఎక్కడ తిన్నా తీసి పోసుకుంటాడు. మొదటిసారి చూస్తే అదో తమాషా అలవాటు, నవ్వించడానికి పెట్టిన వస్తువు. ఆవకాయ సీసా సూట్‌కేసులో పెట్టుకుని విమానమెక్కే మనవాళ్లు ఎవరినైనా నవ్వించగలరు కదా, అలాగన్నమాట. కానీ 16 భాగాల్లో ఆ నూనె నడిచిన దారి చూస్తే రచన ఎంత ముందుచూపుతో జరిగిందో తెలుస్తుంది. మొదట సీసా. తర్వాత టెక్సస్‌లోనే ఒక ఆలివ్ తోట, అందులో మోకి పని. ఆ కాయలతో అమ్మ తన చేత్తో నూనె తీయడం, అందులో ఆవిడకి ఎన్నో ఏళ్ల తర్వాత తనదనే పని దొరకడం. మొదటి సీజన్ చివర ఆ చెట్లనే దొంగలు ఎత్తుకుపోవడం. రెండో సీజన్ ఆఖరి భాగంలో, నాబ్లుస్ దగ్గర బూరీన్ అనే ఊళ్లో, సొంతవాళ్ల చెట్ల కింద కాయలు కోయడం. సీసా నుంచి గానుగకి, గానుగ నుంచి చెట్టుకి, చెట్టు నుంచి నేలకి. నూనె వచ్చిన దారినే వెనక్కి నడిచింది కథ. ఎక్కడా ‘ఇది మా నేలకి గుర్తు’ అని ఎవరూ అనరు. అనుంటే నేను టీవీ కట్టేసేవాణ్ని.

నాబ్లుస్ చుట్టుపక్కల ఆలివ్ నూనె ఒంటికీ ఇంటికీ కావలసిన సరుకు. ఆ నూనెతోనే అక్కడ తరతరాలుగా సబ్బు చేస్తారు. నాబ్లుస్ సబ్బు తయారీ 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది కూడా. కాబట్టి జేబులో సీసా అనేది రచయితల గదిలో ఎవరికో తట్టిన చమత్కారం కాదు. ఉన్న అలవాటునే పట్టుకుని, దాన్ని కథకి ఇరుసు చేశారు.

మో ఆమర్ 1981లో కువైట్‌లో పుట్టాడు. బూరీన్ అతని కుటుంబానికి నిజంగానే సొంతూరు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ని ఆక్రమించాక, తొమ్మిదేళ్ల వయసులో హ్యూస్టన్ చేరాడు. ఈ కువైట్ పేరు మన కడప, రాజంపేట, రాయచోటి, కోనసీమ ఇళ్లలో కొత్తది కాదు. అప్పుడు మనవాళ్లు కూడా ఎడారి దాటి, ఒంటి మీద బట్టలతో జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. అక్కణ్నుంచి లక్షా 70 వేల మందికి పైగా భారతీయుల్ని ఎయిరిండియా విమానాలు ఇంటికి చేర్చాయి. అదే కువైట్‌లో అప్పటికి దాదాపు 4 లక్షల మంది పాలస్తీనా వాళ్లున్నారు. వాళ్ల నాయకత్వం ఇరాక్ అధినేత సద్దాం వైపు మొగ్గిందన్న కోపంతో, యుద్ధం ముగిశాక వాళ్లలో ఎక్కువమందిని అక్కడ ఉండనివ్వలేదు. మనకి విమానం వచ్చింది. వాళ్లకి విమానం పంపడానికి తమదనే దేశం లేదు. దేశం అనే మాటకి అర్థం నాకు ఎయిరిండియా టికెట్టులో ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదు.

గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ కాచుకుని కూర్చున్న మన పిల్లలు హ్యూస్టన్‌లో చాలామందే. మో పడే అవస్థలో కొంత వాళ్లు వెంటనే పోల్చుకుంటారు: లాయర్ ఫీజులు, వాయిదాలు, ప్రయాణమంటే భయం. పోలిక అక్కడిదాకానే. వాళ్ల బీరువాలో భారత పాస్‌పోర్టు ఒకటుంటుంది. విసిగిపోతే తిరిగొచ్చే చోటుంటుంది.

మో ఆమర్‌కి 2009లో అమెరికా పౌరసత్వం వచ్చింది. అంతకుముందే శరణార్థులకిచ్చే ప్రయాణ పత్రం పట్టుకుని దేశాలు తిరిగి స్టాండప్ చేశాడు. ప్రతి విమానాశ్రయంలో ఆ పత్రం చూసి కనుబొమలు ముడిచే అధికారికి తన కథంతా చెప్పుకోవాలి. సిరీస్‌లో అతను చేసిన తెలివైన పని ఇదే: తనకి దొరికిన పాస్‌పోర్టుని పాత్ర చేతిలోంచి లాగేసుకున్నాడు. మో నజ్జార్‌కి నలభై దగ్గరపడుతున్నా ఏ కాగితమూ లేదు. దాంతో ప్రతి చిన్న పనికీ, బండి నడపడానికీ, నాలుగు డాలర్లు సంపాదించడానికీ, ప్రేమించడానికీ ఒక ముడి పడింది. హాస్యానికి ముడి కావాలి. అతని జీవితం అది ఉచితంగానే ఇచ్చింది.

అన్ని ముడులూ వచ్చి చేరే చోటు కోర్టు. శరణు కేసంటే ఏమిటి? ఒక మనిషి న్యాయమూర్తి ముందు నిలబడి తన కథ చెప్పాలి. నమ్మేలా చెబితే ఉంటాడు, లేకపోతే లేదు. కథ చెప్పడమే బతుకుతెరువైనవాడికి ఇంతకంటే పెద్ద వేదిక ఏముంటుంది! కానీ ఇక్కడే రచన మలుపు తిప్పుతుంది. కువైట్‌లో తండ్రిని హింసించారన్న సంగతి మోకి కేసు కాగితాల ద్వారా తెలుస్తుంది. అమ్మ అన్నేళ్లూ చెప్పలేదు. ఊళ్లో నోటిమాటతో బతికే కొడుకు, తన ఇంటి కథే తనకి తెలియదని ఓ ఫైలు చదివి తెలుసుకుంటాడు. నోరు పెగలదు. అంత వాగుడుకాయ మౌనంగా ఉండడం చూశాక, ముందటి భాగాల్లోని వాగుడంతా మరోలా వినిపించడం మొదలవుతుంది. దేన్ని కప్పడానికి ఇంత మాట్లాడుతున్నాడో తెలుస్తుంది. కుటుంబం తరఫున నిలబడే లాయరు లిజ్జీ హోరోవిట్జ్ యూదురాలు. ఆ ఎంపికలో కొంటెతనముంది, దాన్ని చాటింపు వేయకపోవడంలో హుందాతనముంది.

మొదటి సీజన్ ముగింపు గురించి ఓ మాట. చెట్ల దొంగల వెంట పడిన మో, వాళ్ల బండిలోనే ఇరుక్కుని సరిహద్దు దాటి మెక్సికోలో తేలతాడు. వెనక్కి రావడానికి కాగితాల్లేవు. ఇది చూస్తుంటే పాలస్తీనా రచయిత ఘసాన్ కనఫానీ నవలిక ‘మెన్ ఇన్ ద సన్’ గుర్తురాక మానదు. 1963 నాటిది. ముగ్గురు పాలస్తీనా వాళ్లు దొంగతనంగా కువైట్ చేరదామని ఓ లారీ మీది ఖాళీ నీళ్ల ట్యాంకులో దాక్కుంటారు, సరిహద్దు దగ్గర ఎండకి ఉడికిపోయి చనిపోతారు. లోపలినుంచి గోడ తట్టనైనా తట్టలేదేమన్న ప్రశ్నతో ఆ కథ ముగుస్తుంది. నాజీ అల్ అలీ సృష్టించిన హందాలా అనే పదేళ్ల పిల్లాడి కార్టూన్ బొమ్మ కూడా పుట్టింది కువైట్ పత్రికలోనే, 1969లో. ఆ పిల్లాడు కొన్నేళ్లకే లోకానికి వీపు తిప్పేశాడు, ఇప్పటికీ ముఖం చూపించడు. గోడ తట్టనివాళ్లు, ముఖం చూపించనివాడు: పాలస్తీనా కళ మనకిచ్చిన గొప్ప బొమ్మలు ఆ రెండూ. మో వాళ్ల వంశంవాడే గానీ తీరు వేరు. ముఖం చూపిస్తాడు, అది కూడా మరీ దగ్గరికొచ్చి. గోడ తడతాడు, తలుపు తడతాడు, పక్కింటి తలుపు కూడా తడతాడు. మో ఆమర్ ఆ పాత కథల్ని మనసులో పెట్టుకుని రాశాడో లేదో నాకు పట్టింపు లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదనం ఎక్కడుందో కనబడుతుంది.

అన్నీ కుదిరాయని అనను. మొదటి సీజన్‌లో లీన్ వ్యసనం మెడ మీద కత్తిలా వచ్చి, తర్వాత దారి తప్పిన పిల్లిలా పోతుంది. దొంగలు, తుపాకుల వెంటపడే భాగాలు ఏ అమెరికన్ సిరీస్‌లోనైనా దొరికే సరుకే. రెండో సీజన్‌లో మరియాకి కొత్తగా దొరికిన స్నేహితుడు గై, ఇజ్రాయెలీ మూలాలున్న షెఫ్. హమ్మస్ మళ్లీ బల్లమీదికొస్తుందని వేరే చెప్పాలా? సైమన్ రెక్స్ ఆ పాత్ర బాగానే వేశాడు. కానీ గై మోకి ఎదురు నిలబడడానికి పెట్టిన మనిషిగానే మిగిలిపోయాడు, లిజ్జీకున్నపాటి సొంత గాలి కూడా అతనికి లేదు. మరియా పరిస్థితీ అంతంతే. ఇద్దరు మగాళ్ల పంతం మధ్య ఆవిడ గ్యారేజీ, ఆవిడ కష్టం తెరమరుగైపోయాయి. మెక్సికో సిటీలో మో ఫలాఫెల్‌తో టాకోలు చేసి అమ్మడం, ముసుగు వేసుకుని కుస్తీ పట్టడం మాత్రం భలే ఉన్నాయి. ఎక్కడ పడేసినా వీడు అమ్ముకుని బతుకుతాడు అనిపిస్తుంది.

ఆఖరి భాగానికి వద్దాం. కాగితాలు చేతికొచ్చాయి. కుటుంబం బూరీన్ వెళుతుంది. ఇన్నాళ్లూ మో చెబుతూ వచ్చిన ఊరు ఇప్పుడు కంటి ముందుంది: మేనత్తలు, బాబాయిలు, కుప్పలుగా అన్నం పళ్లేలు, ఎవరి మాట ఎవరికీ వినపడని గోల. చెట్ల కింద పట్టాలు పరిచి కాయలు దులుపుతుంటే కొండమీది ఇజ్రాయెలీ కాలనీ వాళ్లు దిగి వస్తారు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో తనిఖీ పేరుతో మోని బట్టలు విప్పిస్తారు. ఈసారి అతని నోరు పనిచేయదు. మూడు భాషలూ ఉన్నాయి, కాగితాలు కూడా ఉన్నాయి. అయినా బేరం కుదరదు. 15 భాగాలపాటు అతని మాట గెలుస్తుంటే చూసి నవ్విన మనకి, అది ఏ గోడ దగ్గర ఆగిపోతుందో చూపించడానికి దర్శకుడు స్లిక్ నయీం పెద్ద సంగీతమేమీ వాయించలేదు. గది, దీపం, అధికారి, మో.

కథ 2023 అక్టోబర్ 6న ఆగుతుంది. మర్నాడు ఏమైందో సిరీస్ చెప్పదు. తేదీ చూసిన ప్రేక్షకుడికి చెప్పాల్సిన పనీ లేదు. ఆలివ్ కాయలు కోసే కాలం కూడా అక్టోబరే.

ఓపికుంటే చూడండి. చాలా భాగాలు అరగంట లోపే అయిపోతాయి. కాకపోతే ఒక్క మనవి: పిల్లలకి తేలికని డబ్బింగ్ పెట్టకండి. అసలు శబ్దంతో, సబ్‌టైటిల్స్‌తో చూడండి. డబ్బింగ్‌లో ఆ ‘యమ్మా’ పోతుంది.